దారి తెలియని స్వామి

ఆసుపత్రిలో నా డ్యూటీ మధ్యాహ్నం రెండింటికి మొదలవుతుంది. తనకల్లు నుంచి కదిరికి బస్సులో ముప్పావు గంట పడుతుంది. కిటికీ పక్క సీటు దొరికిందంటే నేను చేసే పని ఒకటుంది. ఫోను తీసి, మ్యాపులో స్పెయిన్ దేశానికి దక్షిణాన ఉన్న ఒక చిన్న ఊరి పేరు కొడతాను. కొండవాలు మీద సున్నం కొట్టిన తెల్లటి ఇళ్ళు వస్తాయి. వేలితో తోసుకుంటూ వీధుల్లో నడుస్తాను. రొట్టెల అంగడి దగ్గర మలుపు తిరిగితే నీళ్ళతొట్టి, అది దాటితే మెట్లు, మెట్ల పైన చర్చి. మనుషులు కనపడరు. ఒక కుక్క మాత్రం గోడ నీడలో పడుకుని ఉంటుంది. మూడేళ్ళుగా అదే కుక్క, అదే నీడ. నేనెప్పుడూ ఆ ఊరికి పోలేదు, పోయే ఉద్దేశమూ లేదు. అయినా మా మేనత్త ఊరి కంటే అదే నాకు బాగా తెలుసు. మేనత్త ఊళ్ళో అయితే ఇప్పటికీ సందులు తప్పిపోతాను.

ఆ ఊరికి ఒక సాధువు పేరు పెట్టారు. ఎప్పుడో వందల ఏళ్ళ కిందట బతికినవాడట. చర్చిలో ఆయన బొమ్మ ఉంటుంది, ఏడాదికొకసారి ఊరేగిస్తారు. మా వైపు కూడా ఊళ్ళకు దేవుళ్ళ పేర్లుంటాయి కాబట్టి ఇందులో నాకు వింతేమీ అనిపించలేదు. ఈ రాతలో ఎవరి పేరూ రాయకూడదని అనుకున్నాను. సాధువు పేరు చెబితే ఊరి పేరు బయటపడుతుంది, ఊరి పేరు చెబితే ఒక ముసలామె ఇల్లు తెలిసిపోతుంది. అందుకని ఆయన్ని స్వామి అనే అంటాను. మా నాయన పెట్టిన పేరే అది.

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు ఒక సేవాసంస్థ వాళ్ళు మా ఊరి పిల్లల పేర్లు రాసుకుని పోయారు. ఒక్కో పిల్లకు ఆ దేశంలో ఒక్కో మనిషిని జత చేస్తారు. ఆ మనిషి బడి పుస్తకాలకూ బట్టలకూ సాయం చేస్తే, పిల్ల ఏడాదికి రెండుసార్లు ఉత్తరం రాయాలి. పక్కింటి పిల్లకు పెళ్ళిచేసుకోని అక్కచెల్లెళ్ళు ఇద్దరు వచ్చారు. దాని గర్వం చూడలేకపోయాం. నాకు మాత్రం భర్త పోయిన ఒక ముసలామె వచ్చింది. ఫోటోలో నల్లటి గౌను, తెల్లటి జుట్టు, కోపంగా ఉన్నట్టు మొహం. నాకు మొదట ఏడుపొచ్చింది. మా అమ్మ ఆ ఫోటోను వెలుగులోకి పట్టుకుని చూసి, ఆమె గోళ్ళ సందుల్లో మట్టి ఉందని, పనిచేసుకునే మనిషేనని, నన్ను బాగానే చూసుకుంటుందని చెప్పింది. ఆ రోజు నుంచి ఆమె నాకు అవ్వ అయింది.

అవ్వ రెండో ఉత్తరంతో పాటు వాళ్ళ ఊరి ఫోటో పంపింది. కొండవాలు మీద వరసగా మళ్ళు కట్టి ఉన్నాయి, మళ్ళలో ఏదో పరిచి ఉంది. వడియాలని అమ్మ తేల్చేసింది. నాయన కాదు చింతపండన్నాడు. ఇంటి ముందుకు వచ్చిన ప్రతివాళ్ళకూ ఆ ఫోటో చూపించి తీర్పు అడిగాం. చింతపండుకే ఎక్కువ మంది పలికారు. తర్వాత తెలిసింది, అవి ద్రాక్షపండ్లు. వాళ్ళ ఎండాకాలం చివర, అంటే మాకు శ్రావణ భాద్రపదాలప్పుడు, కోసి, ఎండలో పరిచి, రోజూ తిప్పుకుంటూ ఎండుద్రాక్ష చేస్తారట. ఆ ఊరికంతా అదే బతుకుదెరువు. మాకు వేరుశనగ ఎలాగో వాళ్ళకు అదలాగ.

బడి నుంచి వచ్చి, విత్తనాల కోసం దాచిన వేరుశనక్కాయల మూటల మీద వెల్లకిలా పడుకుని ఆ ఫోటో చూస్తూ ఉండేదాన్ని. వాళ్ళ కొండలు కూడా మా కొండల్లాగే బోడిగా, రాళ్ళు తేలి ఉండేవి. అందుకేనేమో ఆ ఊరు దూరమని నాకు తోచలేదు. కదిరి కొండల వెనకాలే ఎక్కడో ఉంటుందని నమ్మాను. కాసేపటికి కళ్ళు బరువెక్కేవి. ఫోటోలో లేనివి కూడా కనపడేవి. తెల్లటి గోడల మధ్య మా గొర్రెలు నడిచేవి. మెట్ల మీద అమ్మ చాట పట్టుకుని కూర్చుని ఉండేది. అవ్వ గంట కొట్టేది, ఆ గంటకు మా బడి వదిలేవాళ్ళు. మెలకువ వచ్చాక కూడా ఒంట్లో ఆ ఊరి చల్లదనం కొంచెంసేపు మిగిలి ఉండేది. సుఖంగా ఉండేది, అబద్ధమెందుకు.

ఉత్తరాల సంగతి చెప్పాలి. మా ఊరి పిల్లలం ముప్పై మందిమి ఒకేరోజు, బడిలోనే కూర్చుని రాసేవాళ్ళం. మా అయ్యవారు ముందుగా నల్లబల్ల మీద ఒక ఉత్తరం రాసేవాడు. ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాము, మా ఊళ్ళో వానలు బాగా కురిశాయి, చెరువు నిండింది, పంటలు బాగా పండాయి. దాన్ని చూసి మేము ముత్యాల్లాంటి అక్షరాలతో దించేవాళ్ళం. ఆ చెరువులో అప్పటికే తుమ్మచెట్లు మొలిచి నా ఎత్తు పెరిగాయి. అయినా అయ్యవారిది మోసమని ఎవరూ అనుకోలేదు. ఉత్తరమంటేనే క్షేమం రాయడం. మా తాత మంచాన పడి ఉన్నప్పుడు కూడా నాయన పెద్దమ్మకు అందరం క్షేమమనే రాయించాడు. దూరాన ఉన్న మనిషికి కష్టం రాస్తే వాళ్ళేం చేస్తారు, అన్నం మానుకోవడం తప్ప. అది మా మర్యాద. అలా ఆ దేశంలో ముప్పై ఇళ్ళల్లో ఒకేసారి మా చెరువు నిండింది.

మిగతా ఇళ్ళల్లో ఏమనుకున్నారో నాకు తెలియదు. అవ్వ మాత్రం నమ్మింది. నమ్మి ఊరుకోలేదు. వాళ్ళ స్వామి వానలిచ్చే స్వామి అట. మే నెలలో ఆయన పండుగ రోజు మా ఊరికి వాన కావాలని మొక్కుకుందట. నా ఉత్తరం చూసి ఆనందం పట్టలేక వీధిలో అందరికీ చదివి వినిపించి, స్వామి ముందు పెద్ద కొవ్వొత్తి వెలిగించిందట. ఆ మాట చదివి నేను ఎగిరి గంతేశాను. మా కోసం అంత దూరాన ఒక దీపం వెలిగిందంటే మాటలా. మరుసటేడు కూడా అయ్యవారు అదే రాశాడు, నేను అదే దించాను, అవ్వ మళ్ళీ కొవ్వొత్తి వెలిగించింది. ఆ తర్వాతి ఏడు కూడా అంతే. ఆ మూడేళ్ళూ మా చేలల్లో పండింది నోట్లోకి పోవడానికే సరిపోలేదు.

నేను ఏడో తరగతికి వచ్చిన ఏడాది ఆషాఢంలో ఒక వాన పడితే నాయన విత్తనం వేశాడు. మొలక బాగా వచ్చింది. పచ్చగా, ఒత్తుగా, చూస్తే కడుపు నిండేలా ఉంది. ఆ తర్వాత వాన లేదు. పగలంతా గాలి వీచేది. పడమటి నుంచి మబ్బులు గుంపులు గుంపులుగా వచ్చి, మా చేను మీద నీడ పరిచి, తూర్పుకు వెళ్ళిపోయేవి. నాయన గట్టు మీద నిలబడి వాటిని బస్సు తప్పిపోయినవాడిలా చూసేవాడు. పూత పూసి, కాయ కట్టే ఊడలు భూమిలోకి దిగే వేళకు ఒక్క వాన చాలు. ఆ ఒక్కటి పడకపోతే దసరా పోయినాక బెంగళూరు పోతానని, అక్కడ కట్టే భవనాల దగ్గర కాపలా పని ఉందని అమ్మతో చెప్పడం విన్నాను. 

బెంగళూరు పోయినవాళ్ళ సంగతి నాకు తెలుసు. ఏడాదికి రెండుసార్లు కొత్త చొక్కాలతో వచ్చేవాళ్ళు, పిల్లలకు బిస్కెట్లు తెచ్చేవాళ్ళు, వాళ్ళ చేలల్లో వయ్యారిభామ కలుపు మొలిచేది. పిల్లలు వాళ్ళను చూసి కొత్తపడి అమ్మ కొంగు చాటుకు పోయేవాళ్ళు. మా నాయన అలా అయిపోతాడని తలచుకుంటేనే నాకు అన్నం దిగేది కాదు. ఆయన చేతికి పనిముట్టు లేకపోతే ఏం చేయాలో తెలియని మనిషి. ఎవరి గేటు దగ్గరో కుర్చీలో కూర్చోబెడితే ఏమైపోతాడు? నాకు నాయన ఇంట్లో ఉండాలి. నాకు కావలసింది అదొక్కటే.

సరిగ్గా అప్పుడు అవ్వ ఉత్తరం వచ్చింది. ఉత్తరాలు తెచ్చే అన్న ఒకడుండేవాడు. సంస్థలో పని, రెండు మండలాలు బండి మీద తిరిగేవాడు, ఆఫీసులో తెలుగులోకి మార్చిన కాగితం అసలు ఉత్తరానికి గుచ్చి ఇచ్చేవాడు. ఈసారి అందులో స్వామి ఫోటో ఉంది. చూస్తే కిరీటం లేదు, ఆయుధం లేదు. మోకాళ్ళ దాకా నిక్కరు, చేతిలో ముల్లుకర్ర, కాళ్ళ దగ్గర మడక కట్టిన రెండు ఎద్దులు. బతికి ఉన్నన్నాళ్ళూ ఇంకొకరి పొలంలో దున్నినవాడని అవ్వ రాసింది. నాయన ఫోటో చేతిలోకి తీసుకుని చాలాసేపు ఎద్దులనే చూశాడు. కాడి కట్టిన తీరు బాగాలేదని, ఎద్దు మెడ ఒరుసుకుపోతుందని వంక పెట్టాడు. కానీ ఫోటో తిరిగి ఇవ్వలేదు, తలపాగాలో పెట్టుకున్నాడు.

ఉత్తరం చదవమన్నాడు. ఈ ఏడు కూడా మీ వాన కోసం అడిగాను, మూడేళ్ళుగా స్వామి ఒక్కసారి కూడా మాట తప్పలేదు, మీ చెరువు నిండుతూనే ఉంది, మా ఊరివాళ్ళు అసూయపడుతున్నారు అని ఉంది. నాయన నన్ను ఆపాడు. యా చెరువు నిండిందని అడిగాడు. నేను నల్లబల్ల సంగతి చెప్పాను. మూడేళ్ళ ఉత్తరాల సంగతి చెప్పాను. ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కుతుందని భయపడ్డాను గానీ, నవ్వాడు. పడీపడీ నవ్వి కండ్లు తుడుచుకున్నాడు.

"అట్లయితే ఆ స్వామి మన వాన ఎప్పుడో ఇచ్చేసినా అనుకుంటాండాడు పాపా. ఇచ్చినోడు మళ్ళా ఏల ఇస్తాడు?" అన్నాడు.

ఆయన తమాషాకే అన్నాడు. నాకది తమాషాగా వినపడలేదు. నేను మంచమెక్కి ముసుగు తన్ని పడుకున్నాను. లెక్క అంతా తేటగా కనపడింది. అక్కడ ఒక స్వామి ఉన్నాడు, వానలివ్వడం ఆయన పని. ఒక ముసలామె అడుగుతూనే ఉంది. ఆయన ఇద్దామని చూసేలోపు, వాన వచ్చేసిందని నేనే రాసి పంపుతున్నాను. పని అయిపోయిందని చెబితే ఎవరైనా చేతులు కడుక్కుని కూర్చుంటారు కదా. మా చేను ఎండిపోయేది నా వల్ల. నాయన బెంగళూరు పోయేది నా వల్ల. పన్నెండేళ్ళ పిల్లకు ఇంతకంటే పెద్ద పాపం ఏముంటుంది చెప్పండి. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ ఆ రాత్రి నేను నిద్రపోలేదు.

మరుసటిరోజు నోటుపుస్తకంలో కాగితం చింపి నా అంతట నేను రాశాను. క్షేమం అని మొదలుపెట్టలేదు. అవ్వా, మా చెరువు నిండలేదు, ఎప్పుడూ నిండలేదు, వానలు పడలేదు, నేను బల్ల చూసి రాశాను, నన్ను క్షమించు, ఇప్పుడు మా చేను ఊడలు దిగే వేళ, వాన పడకపోతే మా నాయన బెంగళూరు పోతాడు, వాన ముట్టలేదని మీ స్వామికి చెప్పు అని రాశాను. చివర మా ఊరి పేరు పెద్ద అక్షరాలతో రాసి కింద రెండు గీతలు గీశాను. స్వామికి ఏ ఊరో స్పష్టంగా తెలియాలని నా ఆరాటం.

ఉత్తరాలన్న ఆ కాగితం చదివి తల పట్టుకున్నాడు. పిల్లలు అక్కడివాళ్ళను ఏదీ అడగకూడదని సంస్థలో కట్టుబాటు. అడిగితే అతనికి మాట వస్తుంది. వచ్చే ఉత్తరాల వరకూ ఆగమన్నాడు. అప్పటికి చేను పశువుల పాలవుతుందని నేను మొండికేశాను. అతను బండి స్టార్ట్ చేస్తే వెనక చక్రం పట్టుకుని కూర్చున్నాను. బతిమాలాడు, బెదిరించాడు, చాక్లెట్ ఇస్తానన్నాడు.

"నేను అవ్వను ఏమీ అడగలేదన్నా. స్వామిని అడిగినా. స్వామిని అడగొద్దని మీ ఆఫీసులో ఉండాదా?" అన్నాను.

అతను బండి ఆపేశాడు. తర్వాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పైజేబులో పెట్టుకున్నాడు. తానే వాళ్ళ భాషలోకి మార్చి రాసి, త్వరగా పోయే దారిలో పంపుతానన్నాడు. నాకు అతని కాళ్ళకు మొక్కాలనిపించింది. సిగ్గేసి ఇంట్లోకి పరిగెత్తాను.

ఇక ఎదురుచూడటం. శ్రావణమంతా గాలి. చేలో ఆకులు మధ్యాహ్నానికి ముడుచుకుని, సాయంత్రానికి కొంచెం తేరుకునేవి. నేను బడి నుంచి నేరుగా చేనికి పోయి, కానుగచెట్టు కింద కూర్చుని పడమటి వైపు చూసేదాన్ని. నా లెక్కలో ఉత్తరం ఇప్పుడు కదిరి దాటింది, ఇప్పుడు సముద్రం మీద ఉంది, ఇప్పుడు అవ్వ కండ్లద్దాలు వెతుక్కుంటోంది. ఎండలో దూరాన నేల నీళ్ళలా ఊగేది. ఆ ఊగే వెలుగులో తెల్లటి ఊరు ఒకటి లేచి, కాసేపు నిలబడి, కరిగిపోయేది. అది నిజంగా చూశానా, చూడాలనుకుని చూశానా అంటే ఇప్పటికీ చెప్పలేను.

ఒకరోజు ఆ నీడలోనే నిద్రపట్టింది. తెల్లటి మెట్ల మీదుగా స్వామిని దించుతున్నారు. ముందు అవ్వ, వెనక నల్ల గౌన్ల ముసలమ్మలు. మెట్లు అయిపోయిన చోట మా తారురోడ్డు మొదలైంది. టీ అంగడి దగ్గర ఆగి మా ఊరు యాడ అని అడిగారు. మా భాషలోనే అడిగారు. ఎవరో చెంబుతో నీళ్ళిచ్చారు. స్వామి ఎద్దులు బొమ్మలు కావు, నిజంగా నడుస్తున్నాయి, వాటి మెడలు ఒరుసుకుపోయి ఉన్నాయి. మా గట్టు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. స్వామి దిగి, పంచె దులుపుకున్నట్టు నిక్కరు దులుపుకుని, ఒక వేరుశనగ చెట్టును పీకి వేర్లు చూశాడు. మా నాయన చూసినట్టే చూశాడు. ఇదే మా చేను, ఇదే అని అరవాలనుకున్నాను. గొంతు రాలేదు. లేచేసరికి గండుచీమలు పిక్కలు కొరికేస్తున్నాయి.

వాన రాలేదు. ఊడలు గట్టి నేలలోకి దిగలేక మాడిపోయాయి. భాద్రపదం చివర నాయన నాలుగు చెట్లు పీకి చూస్తే అన్నీ తాలుకాయలు. వాటిని చేతిలో నలిపి గాలికి వదిలాడు. ఆ సాయంత్రమే గొర్రెల వాళ్ళను పిలిచి మందను చేలోకి తోలించాడు. గొర్రెలు తినే చప్పుడు ఇంటి దాకా వినపడింది. అమ్మ తలుపు వేసేసింది. దసరా పోయింది. దీపావళి అయినాక వచ్చే సోమవారం పొద్దున బస్సుకు పోతానని నాయన చెప్పాడు. పెట్టెలో రెండు జతల బట్టలు, ఒక దుప్పటి పెట్టుకున్నాడు. నేను ఆయనతో మాట్లాడటం మానేశాను. కోపం ఆయన మీద కాదు. నా మీదా, అవ్వ మీదా, అవ్వ స్వామి మీదా. మనుషులు చెబితే విననివాడు ఏం స్వామి అనుకున్నాను. ఆ ఊరి ఫోటోను వెనక్కి తిప్పి గోడకు ఆనించాను.

ఆ శనివారం సాయంత్రం ఉత్తరాలన్న వచ్చాడు. పిల్లల ఉత్తరాలు ఇచ్చే రోజు కాదది. నా ఒక్కదాని కోసమే వచ్చాడు. మామూలుగా గుమ్మం దగ్గరే ఇచ్చి పోయేవాడు, ఆ రోజు అరుగు మీద కూర్చుని, చదువు అన్నాడు. తాను ముందే చదివాడని మొహం చూస్తే తెలిసింది. నాయన నులకమంచం తాడు బిగిస్తున్నాడు. అమ్మ చాట పక్కన పెట్టి వచ్చింది. నేను చదివాను.

నా కాగితం అందిన రెండు రోజులు అవ్వ ఇల్లు కదల్లేదట. మూడోరోజు చర్చి పెద్దాయన దగ్గరికి పోయి, స్వామిని బయటికి తీయాలని అడిగిందట. పండుగ రోజు తప్ప తీయడం పద్ధతి కాదని ఆయన అన్నాడు. ఊళ్ళో ముసలివాళ్ళందరూ పోయి ఆయన ముందు కూర్చున్నారు. ఒప్పుకున్నాడు. స్వామిని మోయడానికి మగపిల్లలు లేరు, అందరూ పట్నాలకు పనులకు పోయారు. అందుకని ట్రాక్టరు మీద ఎక్కించారు. మా ఊరి పేరు వాళ్ళెవరికీ నోరు తిరగలేదు. చీటీ మీద చూసి రాసి స్వామి చేతిలో పెట్టారు. ద్రాక్షమళ్ళ మధ్య దారి వెంట, ఊరి చివర దాకా తీసుకుపోయి, మొహాన్ని తూర్పుకు తిప్పి నిలబెట్టారు. మేము ఉండేది తూర్పునని అవ్వ పటంలో చూసిందట.

రెండోరోజు వాన పడింది. వాళ్ళ ఊళ్ళోనే పడింది. రెండు పగళ్ళూ ఒక రాత్రీ ఎడతెరిపి లేకుండా కురిసింది. మళ్ళలో ఎండుతున్న ద్రాక్ష అంతా నాని, బూజుపట్టి, పోయింది. స్వామి మీద కోపం పెట్టుకోవద్దని, ఆయన ఎప్పుడూ ఊరు దాటి పోయినవాడు కాదని, దారి తెలియక అక్కడే ఆగిపోయి ఉంటాడని అవ్వ రాసింది.

నాయన తాడు వదిలేశాడు.

"అంతా పాయనా? ఊరందరిదీ?"

ఊరందరిదీ పోయిందని ఉంది నాయనా అన్నాను. ఆయన లేచి నిలబడ్డాడు. ఆయనకు కోపమొచ్చింది. ఆ ఊరివాళ్ళ మీద వచ్చింది. ఎండబెట్టిన పంట కళ్ళంలో ఉన్నప్పుడు వాన మోడం కనపడితే ఎవడైనా ముందు దాన్ని కప్పుకుంటాడు గదా, వాళ్ళకు పట్టలు లేవా, కండ్లు లేవా, సేద్యం చేసే మనుషులేనా అని ఉత్తరాలన్న మీద కేకలేశాడు.  ఇంకా ఉండాది, చదువు పాపా అన్నాడు ఉత్తరాలన్న నాతో.

కాగితం తిప్పాను.  ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాను.

"మబ్బు రావడం అందరం చూశాం. ప్రతి మడికీ తలాపున పట్ట చుట్టి ఉంటుంది, లాగితే చాలు. ఎవరూ లాగలేదు. అది మీ ఊరికి పోయే వాన అనుకున్నాం. మెట్ల మీద నిలబడి, మా తలల మీదుగా మీ దగ్గరికి పోతుందని చూస్తూ ఉన్నాం."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయన మంచం పట్టె మీద కూలబడ్డాడు. మళ్ళీ చదవమన్నాడు. చదివాను. ఇంకోసారి చదవమన్నాడు. మూడోసారి చదివేటప్పుడు ఆయన భుజాలు కదులుతున్నాయి. మా నాయన ఏడవడం నేను చూడటం అదే మొదలు. తాలుకాయలు నలిపిన రోజు కూడా ఏడవలేదు. ఉత్తరాలన్న చెప్పకుండానే లేచి, బండిని రోడ్డు దాకా తోసుకుని పోయి అక్కడ స్టార్ట్ చేశాడు.

సోమవారం పొద్దున నేనూ అమ్మా రోడ్డు దాకా పోయాం. ఆయన ఆగిపోతాడని నాకు లోపల ఇంకా ఆశ ఉంది. ఆగలేదు. చేలో మట్టి తప్ప ఏమీ మిగల్లేదు, ఎట్లా ఆగుతాడు. బస్సు వచ్చింది. పెట్టె పైకి అందించాడు.  నా తల మీద చెయ్యి పెట్టి, బస్సెక్కి, కిటికీ దగ్గర కూర్చుని తల బయటికి పెట్టాడు.

"పాపా, ఆ అవ్వకు రాయి. ఈ తూరి మనకు వాన అడిగేటప్పుడు, ముందు పట్టలు కప్పుకోమను. అప్పుడు అడగమను."

ఇంటికి వచ్చి అలాగే రాశాను.